కారము – సాత్మ్యము

తెలుగువాడు కారము తినుటకే పుట్టినాడను మాట దేశమంతట వ్యాపించి యున్నది. ఉత్తరాదివారు నవ్వుచు ననుదురు. అఱవవారు తల పంకించుచు ననుదురు. మనమో, గర్వముతో ననుకొందుము. పరదేశి యెవడైన మన విస్తరిముందు కూర్చుండి కన్నీరు కార్చినచో మనకు లోలోన నొక గెలుపు దక్కినట్లుండును. ఈ గర్వమును నేనును చిన్నతనమున మెండుగా ననుభవించినవాడనే. కాని బడిపిల్లలకు పాఠములు చెప్పుచు నిరువదియేండ్లు గడపిన పిమ్మట నాకొక సందియము పుట్టినది. మన కారము మన రక్తములోనిదా, లేక మనము నేర్చుకొన్నదా? నేర్చుకొన్నదే యగుచో నెప్పుడు, ఏ యక్కఱచేత నేర్చితిమి? ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానమును పాఠకులకు విన్నవించుకొందును.

సందియమునకు బీజము మా యింటిలోనే పడినది. మా వదినె బెంగళూరిలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ. ఇంట మాటలాడునది తెలుగే. పండుగలు, పేరంటములు, దేవుళ్ళు అన్నియు మనవే. కాని చారులో బెల్లపుముక్క వేయుట, కూరలో కొబ్బరికోరు చల్లుట, మిరపకాయను రంగుకొఱకు మాత్రమే తలచుకొనుట వారి యింటి పద్ధతి. ఆమె మా యింటికి వచ్చిన మొదటినాడు మా యమ్మ జొన్నరొట్టెతో పచ్చిమిరపకాయల తొక్కు వడ్డించినది. రెండవ ముద్దకే ఆమె ముఖము కందగడ్డవలె నయ్యెను. నీళ్ళు త్రాగిన కొలది మంట హెచ్చెను. చుట్టునున్న యాడువారు నవ్విరి. మా మేనత్త, "కారమే తిననిది కాపురమేమి చేయునే!" యన్నది. ఆ మాట హాస్యమునకే యన్నదికాని, ఆ పిల్ల మూడునెలలు వంటింటి మూల నన్నములో మజ్జిగ పోసికొని తిని లేచెడిది. నవ్వినవారిలో నేనును ఒకడను. అప్పుడు నేను కళాశాలలో చదువుచుంటిని, తర్కము నేర్చితినని తలచుచుంటిని; అయినను, మాట యొకటి, కులమొకటి యైనవారికి నాలుకలు వేఱగుట యెట్లని నాకు తోచలేదు.

మా మొగుడంపల్లి జహీరాబాదునకు చేరువను, కర్ణాటకపు సరిహద్దునను ఉన్న యూరు. జహీరాబాదు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్విభజనలో మెదకు జిల్లాకు వచ్చి చేరినది. నేడు సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఇక్కడి సంతలో నొక గడియసేపు నిలిచినచో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ నాలుగును చెవిని బడును. మిరపకాయల రాశికడ నిలిచి పేళ్ళను మాత్రమే వినుడు. కన్నడిగుడు మెణసినకాయి యనును. మెణసు అనగా మిరియము. ఉర్దూవాని మిర్చి, మరాఠావాని మిరచీ సంస్కృతమునందలి మరిచశబ్దమునుండి వచ్చినవి, మరిచమనగా మిరియము. ఇచ్చట వినబడకపోయినను అఱవమాటయు నట్టిదే. మిళగు మిరియము, మిళగాయ్ మిరపకాయ. మన మిరపయు మిరియమునకు చుట్టమే. ఇన్ని భాషలలో నొక్కదానికైనను ఈ కాయకు సొంతపేరు లేదు. ఇంటికి క్రొత్తగా వచ్చిన బిడ్డకు తాతపేరు పెట్టినట్లు అందఱును మిరియపు పేరే పెట్టిరి.

ఇందుకు బడిపిల్లలందఱు వల్లించు వేమన పద్యమే యొక సాక్ష్యము. పైకి నల్లనై లోన ఘాటుగల మిరపగింజను ఆయన సజ్జనునితో పోల్చెను. నేనీ పద్యమును పెక్కేండ్లు పాఠము చెప్పితిని. ఒకనాడు రైతుబిడ్డ యొకడు లేచి, "సారూ, మా చేన్ల మిరపగింజ నల్లగుండదు గదా!" యన్నాడు. నిజమే. మిరపకాయలోని గింజ పాలిపోయిన పసుపువన్నెది, నల్లనిది మిరియము. పేరును చదివితినే కాని గింజను చూడనైతిని. మిరప యను మాట యొకప్పుడు మిరియమునకే చెల్లినదని ఆ పిల్లవాడు నాకు నేర్పినాడు.

అట్లయినచో మిరపకాయకు ముందు మనవారి కారమేది? మిరియము, శొంఠి, పిప్పలి, అల్లము, ఆవాలు. వీనిలో అల్లము, ఆవాలు సామాన్యులకు దొరకునవి. మిరియము ధనవంతుల సరకు. అది మలయాళపు కొండలలో వానతడి విడువని చోట చెట్లకు ప్రాకి పండు తీగ. మన మెట్టపొలములలో పండునది కాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనమున, ఓడవర్తకుల సరకులపై సుంకములను నిర్ణయించుచు, చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, పగడములతోపాటు మిరియములను గూడ జేర్చినాడు. ముత్యముల సరసన కూర్చుండిన కారము కూలివాని కూటిలో నెట్లు పడగలదు?

రాజుల విస్తరి యెట్లుండెనో శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చెప్పుచున్నది. విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి పెట్టిన భోజనముల వర్ణన మందు కలదు. చలికాలపు విందులో మిరియపుపొడి చల్లిన వేడికూరలును, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళును, ఊఱగాయలును గలవు. మిరపకాయ లేదు. మూడు సముద్రములవఱకు పేరువడసిన రాయల కావ్యపు విందులో లేని దినుసు నేడు ప్రతి పూరిగుడిసె చూరునను వ్రేలాడుచున్నది. ఆవకాయ పేరునే చూడుడు. నేడు కంటికి కనబడునది మిరపపొడి యెఱుపు. పేరు మాత్రము ఆవపిండిది. పాతకారము జాడీలో నడుగుకు దిగి, పేరును మాత్రము మూతమీద నిలుపుకొన్నది.

శ్రీనాథునిదిగా జెప్పబడు చాటుపద్యమొకటి కన్నడసీమలో వెల్లుల్లియు తెలకపిండియు తినవలసివచ్చినందుకు వాపోవుచున్నది. పలనాటి జొన్నకూటిమీద ఆయన యేవగింపు పాఠకులెఱుగనిది కాదు. జొన్న తిని పెరిగినవారమగుటచే మాకు ఆయనపై కొంత యలుకయు గలదు. అది యట్లుండనిండు. పరాయికూడు నాలుకను నొప్పించుట ఆ కాలమునను గలదు. కాని నాడు నొప్పించినది వెల్లుల్లి, జొన్న. ఎల్లదాటినవానికి నేడు మనము చూపి బెదరించు కారము నాటి మాటలలోనిది కాదు.

మిరపకాయ జన్మభూమి అమెరికా ఖండము. మెక్సికో మొదలగు దేశములవారు వేలయేండ్లనుండి పండించి తినుచున్న కాయ యిది. 1492లో కొలంబసు మిరియముల దేశమును వెదకుచు పోయి, దారితప్పి, ఈ కాయను చూచి ఇదియు నొక మిరియమే యనుకొనెను. ఇంగ్లీషువారు నేటికిని దానిని పెప్పరనియే పిలుచుచున్నారు. కావున పేరు పెట్టుటలో పొరపడినవారము మనమొక్కరమే కాము. వాస్కోడగామా 1498లో కళ్ళికోటకు వచ్చెను; పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. వారి యోడలమీదనే ఈ కాయ మన పడమటితీరమున దిగి లోపలికి ప్రాకినది. 1564లో పరమపదించిన పురందరదాసుని పేర మిరపకాయపై నొక కీర్తన ప్రసిద్ధమై యున్నది. ఉత్తరమున మాత్రమది యింకను చేరలేదు. 1590 ప్రాంతమున అబుల్ ఫజలు వ్రాసిన ఐనీ అక్బరీలో పాదుషా వంటకములకు మిరియము, అల్లము, లవంగము మొదలగు దినుసులు తూకములతో గలవు గాని మిరపకాయ లేదు. మనము సనాతనమనుకొను కారము వయస్సు నాలుగు నాలుగున్నర శతాబ్దములు మాత్రమే.

ఇంత తక్కువకాలమున ఇంత వేగముగా వ్యాపించుటకు కారణమేమి? రుచియేనా? ఇక్కడ మనము కొంత నిలిచి యాలోచింపవలెను. మిరియము తూచి కొనవలసినది. మిరప పెరటిలో కోసికొనునది. పిడికెడు విత్తనములున్నచో నేటికి సరిపడు కాయ పండును. ఎండబెట్టిన నేడాది నిలువ యుండును. దంచి యుప్పు కలిపినచో నదియే కూర. మా ప్రాంతపు పేదవాని యాహారము జొన్నరొట్టె. పప్పు లేక, నెయ్యి లేక, కూరాకు దొరకక యెండురొట్టెను మ్రింగుట యెంత కష్టమో తిన్నవారికి తెలియును. మిరపపొడి తగులగానే నోట నీరూరును. ముద్ద గొంతు దిగును. కొంగున కట్టుకొన్న రొట్టె, ఉల్లిగడ్డ, ఉత్తకారము, ఇవి చేనిలో పనిచేయు స్త్రీలకు తరతరములుగా మధ్యాహ్నభోజనము. దానినే మఱికొన్ని సీమలలో గొడ్డుకారమందురు. గొడ్డు అను మాటలో నేమున్నదో చూడుడు. వట్టిది, తోడులేనిది. మాట పుట్టించినవారు దానిని పౌరుషమనుకొనలేదు, లేమి యనుకొనిరి. పౌరుషమని పేరుపెట్టినది తరువాతి కాలపు కడుపునిండినవారు.

ఈ సంగతి మనకే పరిమితము కాదు. చీనా దేశమున గుయిజౌ అను కొండసీమకు ఉప్పు దూరమునుండి రావలెను, మిక్కిలి ప్రియము. అచ్చటి కొండజాతులవారు ఉప్పునకు బదులు మిరపకాయను వాడుచున్నారని 18వ శతాబ్దపు మొదటిపాదమునందలి స్థానికచరిత్ర చెప్పుచున్నది. నేడు చీనాలో కారమునకు పేరుపడిన సీమలలో గుయిజౌ యొకటి. అచ్చట లేనిది ఉప్పు; ఇచ్చట లేనివి పప్పు, నెయ్యి. రెండుచోట్లను కొఱతయే నాలుకకు గురువైనది. పచ్చిమిరపయందు సి విటమిను సమృద్ధిగ నుండుటచేత కూరగాయలెఱుగని పేదకు కొంత మేలు జరిగినమాటయు నిజమే. కాని ఆ మేలు తెలిసి తిన్నవారెవరును లేరు.

ఇంకొక మాటయు చెప్పవలసి యున్నది. భగవద్గీత పదునేడవ యధ్యాయమున, మిక్కిలి కటువు, పులుపు, ఉప్పు, తీక్ష్ణత గల యాహారము రాజసులకు ప్రియమని చెప్పబడినది. దీనినాధారముగా గొని, కారము తినువారు కోపిష్ఠులనియు, సంస్కారహీనులనియు నిర్ణయించు పెద్దలను నేనెఱుగుదును. గీతాకాలమున ఈ దేశమున మిరపకాయయే లేదు. గ్రంథకర్త చూడని కాయకు ఆయనచేత తీర్పు చెప్పించుట న్యాయము కాదు. అందును, రొట్టెకు తోడుగా వేఱొకటి యేమియు లేనివాని గుణమును వాని కారమును చూచి నిర్ణయించుట మఱింత యన్యాయము. తన విస్తరిని పది ఆధరువులతో నింపుకొన్నవాడు సాత్త్వికుడగుట యేమంత కష్టము?

గీతను పట్టుకొన్న పెద్దలు చరకునిగూడ తెఱచి చూచిన బాగుండును. చరకసంహిత విమానస్థానపు మొదటి యధ్యాయమున పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని మితిమీఱి వాడరాదని చెప్పుచు, దేశభేదముచే నలవాటు లెట్లు మాఱునో ఆచార్యుడు చూపినాడు. తూర్పుదేశపువారును చీనులును క్షారము నెక్కువగా తినుదురట. బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీరదేశములవారు ఉప్పు నెక్కువగా తినుదురట, తుదకు పాలలోగూడ వేసికొందురట. దానివలని కీడును వివరించినాడు గాని, వారి పుట్టుకను నిందింపలేదు. వారికది సాత్మ్యమైనది, అనగా వాడుకచే దేహమునకు నొప్పినది, కావున నొక్కసారిగ గాక క్రమక్రమముగా మాన్పవలెనని విధించినాడు. వాడుకచేత వచ్చినది వాడుకచేతనే పోవును. రెండువేలయేండ్ల నాటి వైద్యునకు తెలిసిన ఈ సంగతి మా మేనత్తకు తెలియలేదు, నాకును తెలియలేదు.

నేటి శాస్త్రము దీనికి కారణమును చూపుచున్నది. మిరపలోని కాప్సైసిను అను పదార్థము నాలుకపై రుచిని పుట్టించునది కాదు. దేహమునందు వేడిని కనిపెట్టు నాడులకొక ద్వారమున్నది. అది 43 డిగ్రీలు దాటిన వేడికి తెఱచుకొనును; కాప్సైసిను తగిలినను తెఱచుకొనును. ఈ ద్వారమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియసునకు 2021లో నోబెలు బహుమానములో భాగము దక్కినది. కావున కారమనునది లేని నిప్పును ఉన్నట్లు మెదడునకు చేరవేయు కబురు. నోరు మండినదని తెలుగువాడన్న మాట అక్షరాల సత్యము. మిరియపు ఘాటు, అల్లపు ఘాటు సయితము ఈ ద్వారమునే తట్టును. ఆవఘాటు ముఖ్యముగా వేఱొకదానిని తట్టును, అందుచేతనే అది ముక్కునకెక్కును. పక్షుల ద్వారము కాప్సైసినునకు తెఱచుకొనదు. చిలుక మిరపపండు తినుటలో సాహసమేమియు లేదు. మఱల మఱల తట్టినచో మన ద్వారము మొద్దుబాఱును. నాలుగునాళ్ళు మానినచో మఱల చుఱుకెక్కును. మనిషికిని మనిషికిని పుట్టుకతో వచ్చిన భేదము కొంత గలదు. కాని అది ఒక యింటిలోని యన్నదమ్ములకును ఉండవచ్చును, జాతికి చెందినది కాదు. కాప్సైసిను నీటిలో కరుగదు. పాలలోని మాంసకృత్తు దానిని పట్టి తొలగించును. నాడు మా యింటివా రందించిన నీళ్ళు వ్యర్థము. ఆమె తనకుతాను పోసికొన్న మజ్జిగయే మందు.

నాలుక ఎట్లు నేర్చుకొనునో తెలిసికొనుటకు రోజిన్, షిల్లర్ అను పండితులు మెక్సికో పల్లెలో పరిశీలించి 1980లో ప్రకటించిరి. అచ్చటి శిశువులకు కారమిష్టము కాదు. ఎవరును బలవంతపెట్టరు. పెద్దలు తినుట చూచుచు, కొద్దికొద్దిగా రుచిచూచుచు, అయిదాఱేండ్ల ప్రాయమునకు తామే కోరుదురు. అదే యూరి కుక్కలును పందులును ఆ కారపు టెంగిలినే తినుచున్నను, కారములేని కూడు ప్రక్కనున్నచో దానినే యెన్నుకొనును. కావున మనుష్యునకు కారము వచ్చుట కూటివలన మాత్రమే కాదు, తోడివారివలనను. నవ్వువారినడుమ నేర్చుకొనుట యెంత కఠినమో ఆ పండితులు వ్రాయలేదు గాని, మన కోడండ్రెవరైనను చెప్పగలరు.

మిరప యొకటే, దానినుండి యే దేశమువారు కోరినదానిని వారు గ్రహించిరి. హంగేరీవారు దాని రంగును వలచి, ఘాటును తొలగించుకొని, తీపి పాప్రికాను పెంపొందించుకొనిరి. మనకు దూరము కాని హావేరి జిల్లాలోని బ్యాడగి మిరపకాయ ముడుతలుపడి మిక్కిలి యెఱ్ఱనై యుండును, ఘాటు స్వల్పము. గుంటూరు సన్నరకము వన్నెలో దానికి తీసిపోయినను ఘాటులో దానిని మించును. వరంగల్లు చపాట మిరప, 2025లో భౌగోళికచిహ్నము పొందినది, రంగుకే గాని మంటకు కాదు. ఎఱుపును చూచి జడియువారును, ఎఱుపును చూచి మెచ్చువారును సమానముగా మోసపోవుదురు.

ఇంగ్లీషు చదువుకొన్నవారికి థాకరే 1847-48లో ప్రకటించిన వానిటీ ఫెయిర్ నవల తెలిసియుండును. అందు జోసఫ్ సెడ్లీ వంగదేశమున కలెక్టరుగిరి చేసి కారము మరిగినవాడు. రెబెకా షార్ప్ అతని మెప్పుకొఱకు కూర తిని బాధపడి, చిల్లీ యను పేరు చల్లదన మనుకొని మిరపకాయను గూడ కొఱికి, నీళ్ళకై కేకవేసినది. ముసలి సెడ్లీ పకపక నవ్వినాడు. ఇద్దఱును ఇంగ్లండువారే, కొన్నియేండ్ల కాపురమే వారి నాలుకలను వేఱుచేసినది. నేడు అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగుపిల్లలు అమ్మమ్మ పంపిన ఆవకాయను చూచి జంకుచున్నారని వినుచున్నాము. మిరప పుట్టిన ఖండమునకే పోయి మన పిల్లలు మిరపకు వెఱచుచున్నారు!

మా వదినె వచ్చి ఇరువదియైదేండ్లు గడచినవి. నేడు మా యింట తొక్కు నూఱునది ఆమెయే. కాయలు నాలుగు తక్కువైనచో రొట్టె గొంతు దిగదనును. మా యమ్మకు కడుపులో పుండు లేచి, వైద్యుడు కారము మాన్పించి యాఱేండ్లయినది. పప్పులో కారము వేయకమునుపే వదినె అత్తగారికొఱకు ఒక గిన్నెలోనికి తీసి ప్రక్కనుంచును. మొన్న పండుగనాడు చుట్టములు పెక్కుమంది యుండుటచే గిన్నెలు తారుమాఱైనవి. అమ్మ ఒక ముద్ద తిని, కన్నుల నీరు నిండగా నీళ్ళచెంబునకు చేయి చాచినది. వదినె చెంబును ప్రక్కకు జరిపి, మజ్జిగ గిన్నెను ముందుకు త్రోసినది.